ఎక్కడ నడవమంటారు డాక్టరుగారూ?

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇల్లు కార్ఖానా దగ్గర. పదేళ్లుగా షుగరుంది. మూడు నెలలకోసారి రిపోర్టుల ఫైలు పట్టుకుని మా క్లినిక్‌కి వస్తారు. ఈసారి మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో ఎనిమిదిన్నర వచ్చింది. మందులు సరిగానే వేసుకుంటున్నారు. తిండీ అదుపులోనే ఉంది.

"నడుస్తున్నారా?" అని అడిగాను.

"ఎక్కడ నడవమంటారు డాక్టరుగారూ?" అన్నారాయన.

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగారు. గేటు దాటగానే ఫుట్‌పాత్ మీద బైకులు. వాటి పక్కన ట్రాన్స్‌ఫార్మర్. ఆ తర్వాత ఫుట్‌పాతే లేదు. పార్కు ఉంది కానీ రోడ్డుకి అవతల. ఆ రోడ్డు దాటబోయి ఆర్నెల్ల కిందట బైకు తగిలి పడ్డారు. మోకాలికి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి ఇంట్లోవాళ్లు ఒంటరిగా బయటికి పంపడం లేదు. కొడుకు ట్రెడ్‌మిల్ కొనిచ్చాడు. "మా ఆవిడ దాని మీద బట్టలు ఆరేస్తోందండీ" అని నవ్వారు.

ముప్ఫై ఏళ్లుగా నేను చీటీ మీద మందుల కింద "రోజూ అరగంట నడక" అని రాస్తున్నాను. మిగతావన్నీ మందుల షాపులో దొరుకుతాయి. ఈ ఒక్కటి మాత్రం ఊరు ఇవ్వాలి. మన ఊరు వేల కోట్లు పెట్టి వాహనాలకు వంతెనలు కడుతోంది కానీ, నడిచేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి డబ్బు లేదంటోంది. అందుకే ఈ వారం ఆరోగ్యం పేజీలో రోడ్ల గురించి రాస్తున్నాను. చదివాక మీరు నాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు. కానీ ఫ్లైఓవర్ కట్టాలా వద్దా అన్నది ఇంజినీర్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదని, మీ ఇంట్లో అమ్మానాన్నల మోకాళ్లకు, పిల్లల ఊపిరితిత్తులకు సంబంధించిందని మాత్రం ఒప్పుకుంటారని నా నమ్మకం.

మన రోడ్ల మీద రెండు వంతెనలు

సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉండేవాళ్లకు ఈ రెండు ప్రాజెక్టులూ తెలిసినవే. మొదటిది ప్యారడైజ్ నుంచి తాడ్‌బండ్, బోయిన్‌పల్లి మీదుగా డెయిరీ ఫారం రోడ్డు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే ఎలివేటెడ్ కారిడార్. పొడవు 5.32 కిలోమీటర్లు. బేగంపేట విమానాశ్రయం రన్‌వే దగ్గర కొంత మేర సొరంగం. శంకుస్థాపన నాటి అంచనా 1,580 కోట్ల రూపాయలు. రెండోది జేబీఎస్ వైపు నుంచి కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట మీదుగా శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాకా రాజీవ్ రహదారి మీద వచ్చేది. మొత్తం 18.1 కిలోమీటర్లు. అందులో 11 కిలోమీటర్లకు పైగా పైవంతెన. అంచనా 2,232 కోట్లు. రక్షణ శాఖ భూముల దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయిన ఈ పనులకు కేంద్రం అనుమతి రావడంతో 2024 మార్చిలో రెండు రోజుల తేడాతో రెండింటికీ శంకుస్థాపన జరిగింది.

రెండూ కలిపితే 3,812 కోట్లు. ఇవి కాక హెచ్-సిటీ పేరుతో నగరమంతా మరిన్ని ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వస్తున్నాయి.

ఈ రోడ్ల మీద మీరు పడే అవస్థను నేను తక్కువ చేయడం లేదు. తాడ్‌బండ్ దగ్గర సాయంత్రం ఏడింటికి ఇరుక్కుపోయిన కార్లలో నా కారూ ఉంటుంది. కంటోన్మెంట్‌లో సైన్యం రోడ్లు మూసేసినప్పుడు సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, మల్కాజిగిరి వాళ్లు చుట్టూ తిరిగి ఆఫీసులకు వెళ్లిన రోజులు గుర్తున్నాయి. కాలనీ సంఘాలు ఏళ్లపాటు పోరాడితే గాని 2018 మేలో రక్షణ శాఖ ఆ రోడ్లు తెరిపించే నిర్ణయం తీసుకోలేదు. దారి కోసం ఇంత ఎదురుచూసినవాళ్లకు వంతెన వస్తుందంటే సంతోషం కలగడం సహజం. నేను అడిగేది ఒక్కటే. ఈ మందు మన జబ్బును తగ్గిస్తుందా?

మాత్ర వేసుకుని మైసూర్‌పాక్

నా దగ్గరికి వచ్చే కొందరు పేషెంట్లకు ఒక అలవాటుంది. షుగరు మాత్ర డోసు పెంచగానే వాళ్లకు ధైర్యం వస్తుంది. "మాత్ర ఉంది కదా" అని పెళ్లి భోజనంలో రెండు మైసూర్‌పాక్‌లు ఎక్కువ తింటారు. మూడు నెలల తర్వాత చూస్తే షుగరు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. డోసు మాత్రం పెరిగి ఉంటుంది.

కొత్త రోడ్లకూ ఇదే జరుగుతుంది. వంతెన తెరవగానే మొదటి ఏడాది హాయిగా ఉంటుంది. ఆ హాయిని చూసి ఇదివరకు రైల్లో వెళ్లేవాళ్లు బండి తీస్తారు. రద్దీకి భయపడి పదింటికి బయల్దేరేవాళ్లు తొమ్మిదింటికే బయల్దేరతారు. "ప్యారడైజ్‌కి పదిహేను నిమిషాలే" అన్న ప్రకటన చూసి ఇంకొందరు ఇంకా దూరంలో ఫ్లాట్ కొంటారు. ఇంట్లో రెండో కారు వస్తుంది. నాలుగైదేళ్లకు వంతెన మీదా అదే బారు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అనే రహదారిని 2008 నాటికి దాదాపు 280 కోట్ల డాలర్లు పెట్టి వెడల్పు చేశారు. కొన్ని చోట్ల సర్వీస్ రోడ్లతో కలిపి 26 లేన్లు. కొన్నేళ్లు తిరగకుండానే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ బాగా పెరిగింది. 2011లో డురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలన్నీ తీసి చూస్తే, పెద్ద రోడ్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోందని తేలింది. అంత దూరం ఎందుకు? బేగంపేట, పంజగుట్ట ఫ్లైఓవర్ల మీద సాయంత్రం ఆరున్నరకు ఒకసారి వెళ్లి చూడండి. అవి కట్టినప్పుడూ ఇక ట్రాఫిక్ ఉండదనే చెప్పారు.

వంతెన కింద ఉండేవాళ్ల సంగతి

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తాను. గాలిలో పీఎం 2.5 అనే ధూళి కణాలుంటాయి. మన వెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యో వంతు. ముక్కు వీటిని ఆపలేదు. ఊపిరితిత్తుల లోపలి అరల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. ఆస్తమా, దీర్ఘకాల దగ్గు, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతాయి. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న పరిమితి 40. అంటే మన గాలి "పరిమితిలోనే ఉంది" అని అధికారులు చెప్పినా, అది ఆ సంస్థ చెప్పిన దానికి ఎనిమిది రెట్ల దాకా ఉండవచ్చు.

పెద్ద రోడ్డుకి దగ్గరగా పెరిగే పిల్లల మీద అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఏళ్లపాటు అధ్యయనం చేశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. హైవేకి అర కిలోమీటరు లోపు ఇళ్లున్న పిల్లల ఊపిరితిత్తులు, కిలోమీటరున్నర అవతల ఉన్న పిల్లల ఊపిరితిత్తుల కంటే తక్కువగా ఎదిగాయి. చిన్నప్పుడు ఎదగని ఊపిరితిత్తికి పెద్దయ్యాక మందు లేదు. కార్ఖానా నుంచి అల్వాల్ దాకా రాజీవ్ రహదారికి అర కిలోమీటరు లోపు ఎన్ని స్కూళ్లున్నాయో, ఎన్ని అపార్ట్‌మెంట్లున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

రోడ్డు మీద కప్పులా వంతెన ఉంటే, రెండు వైపులా భవనాలుంటే, కింద పుట్టే పొగ తొందరగా చెదిరిపోదు. ఆ నీడలో బస్సు కోసం నిలబడేవాళ్లు, పండ్ల బండ్లవాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు దాన్నే పీలుస్తారు. రెండో అంతస్తు బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోసుకునే మీకు ఇకపై ఎదురుగా టైర్లు తిరుగుతాయి. మెట్రో వంతెన కూడా కప్పే కదా అంటారేమో. నిజమే. తేడా ఏమిటంటే దాని మీద పొగ గొట్టాలు తిరగవు.

చప్పుడు ఇంకో సమస్య. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రిళ్లు లారీలు వెళ్లే రోడ్డు పక్కన నిద్రపోయే మనిషికి తెలియకుండానే నిద్ర చెదురుతుంది, రక్తపోటు పెరుగుతుంది. "నిద్ర బాగానే పడుతుంది కానీ ఒళ్లు నొప్పులుగా ఉంటోంది, బీపీ తగ్గడం లేదు" అని వచ్చేవాళ్లను ఈ మధ్య నేను ముందు మీ పడకగది ఎటువైపు ఉందని అడుగుతున్నాను.

ప్రమాదాల లెక్క కూడా చూడండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు తొంభై మంది. ద్విచక్ర వాహనాలవాళ్లు 44 శాతానికి పైగా. వాహనాల వేగం పెంచడానికి మనం కట్టే ప్రతి రోడ్డూ, దాన్ని దాటాల్సిన మనిషికి ఇంకాస్త ప్రమాదం తెస్తుంది. అక్కడ ఫుట్‌పాత్, సిగ్నల్, జీబ్రా గీతలు ముందు ఉంటే తప్ప.

పట్టాలున్నాయి, రైళ్లేవి?

ఇప్పుడు బాధ కలిగించే విషయం. ఈ రెండు రోడ్ల పక్కనే మనకు రైలు పట్టాలున్నాయి.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైంది. రెండో దశ ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. నీ వాటా ఎక్కడంటే నీ వాటా ఎక్కడని అనుకుంటూ కాలం గడిచింది. చివరికి 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ నుంచి మల్కాజిగిరి, అల్వాల్, బొల్లారం మీదుగా మేడ్చల్‌కు రైళ్లు నడిచాయి. 2024 మార్చి 5న మౌలాలి - సనత్‌నగర్ మార్గం కూడా ప్రయాణికులకు తెరిచారు. నేరేడ్‌మెట్, సుచిత్ర సెంటర్, ఫిరోజ్‌గూడ వంటి చోట్ల కొత్త స్టేషన్లు కట్టారు. టికెట్టు ఐదు రూపాయల నుంచి మొదలు.

అన్నీ ఉన్నాయి. రైళ్లే చాలడం లేదు. ఆఫీసు వేళలో ఒక రైలు తప్పిపోతే తర్వాతిది ఎప్పుడో చూసుకుని ఉసూరుమంటూ ఆటో ఎక్కాలి. స్టేషన్ నుంచి కాలనీ దాకా ఫుట్‌పాత్ లేదు, బస్సు లేదు. ఇలా నడిపి "జనం ఎక్కడం లేదు" అంటారు. వంటింట్లో పొయ్యి వెలిగించకుండా ఇంట్లో ఎవరికీ ఆకలి లేదన్నట్టుంది. కొత్త రైలు బోగీలకు, సిగ్నలింగ్‌కు, స్టేషన్ దారులకు డబ్బు కావాలి. అది కారిడార్‌కు పెట్టే దాంతో పోలిస్తే చిన్న మొత్తమే.

మెట్రో మాటకొస్తే, జేబీఎస్ దాకా 2020 ఫిబ్రవరిలోనే వచ్చి ఆగింది. ఉత్తరం వైపు కాలనీలవాళ్లు సంఘాలు పెట్టి అడగగా అడగగా, 2025 జనవరి 1న మేడ్చల్, శామీర్‌పేట మార్గాలకు ప్రాజెక్టు నివేదికలు తయారు చేయమని ముఖ్యమంత్రి ఆదేశించారు. మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్లు, 6,946 కోట్లు. శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు, 5,465 కోట్లు. ప్రతిపాదనలు కేంద్రానికి వెళ్లాయి. ఒకే దారి మీద రెండు ఆలోచనలు, కానీ డబ్బు ముందు అందింది కార్లు, లారీలు తిరిగే వంతెనకే. నన్నడిగితే ఈ వరుస తిరగబడాలి.

మెట్రో ఖరీదు ఇంకా ఎక్కువ కదా అని మీరు అడగవచ్చు. అవును, ఎక్కువే. కాబట్టే నేను ముందుగా అడిగేది మెట్రో కాదు. ఎంఎంటీఎస్ రైళ్లు, బస్సులు, ఫుట్‌పాత్‌లు.

బస్సు మనది కాకుండా పోయింది ఎప్పుడు?

1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి అదే పునాది. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు వెళ్లే డబుల్ డెక్కర్ పైమెట్టు మీద ముందు సీటు కోసం పోటీపడిన తరం మాది. కాలేజీకి, సినిమాకి, ఆస్పత్రికి, అన్నిటికీ బస్సే. తర్వాత మనం స్కూటర్లు కొన్నాం, కార్లు కొన్నాం. బస్సు దిగిపోయాం. మనం దిగిపోయాక దాని గురించి అడిగేవాళ్లు లేకపోయారు. 2019లో యాభై రోజులకు పైగా సాగిన సమ్మె తర్వాత నగరంలో వందలాది బస్సులు తగ్గించారు. ఆ రోజు మధ్యతరగతి ఇళ్ల నుంచి ఒక్క గొంతు లేవలేదు. నేనూ మాట్లాడలేదు.

2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులు ఎలా నిండాయో మీరు చూశారు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడను అడగండి. నా పేషెంట్లలో నెలకోసారి రావాల్సిన బీపీ ఆడవాళ్లు కొందరు ఇప్పుడు క్రమం తప్పకుండా వస్తున్నారు. ఇదివరకు ఆటో డబ్బులకు వెనకాడేవాళ్లు. బస్సులకు జనం లేరన్న మాట అబద్ధమని తేలింది. జనానికే బస్సులు లేవు.

ఒక లెక్క వేద్దాం. ఒక ఎలక్ట్రిక్ బస్సు కోటిన్నర అనుకున్నా, ఆ రెండు కారిడార్ల డబ్బుతో రెండున్నర వేల బస్సులు వస్తాయి. 2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద నగరానికి రెండు వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. మంచిదే. కానీ వాటిని కూడా మనం కార్ల బారులోనే నిలబెడితే ప్రయోజనమేమిటి? ఒక బస్సులో యాభై మంది. అదే యాభై మంది కార్లలో వెళ్తే, కారుకు ఒకరో ఇద్దరో కాబట్టి, ముప్ఫై కార్లకు పైనే. రోడ్డు మీద ఒక లేను బస్సులకు వదిలేస్తే కారులో ఉన్న మీకూ దారి దొరుకుతుంది. వాహనాలను కాదు, మనుషులను చేరవేయడం లక్ష్యం కావాలని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది.

డాక్టరుగా నాకు బస్సు మీద ఇంకో ప్రేమ ఉంది. బస్సెక్కే మనిషి నడుస్తాడు. ఇంటి నుంచి స్టాపు దాకా, దిగాక ఆఫీసు దాకా. అమెరికాలో 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో బస్సు, రైలు ఎక్కేవాళ్లు వాటి దాకా వెళ్లి రావడానికే రోజుకు సగటు మనిషి 19 నిమిషాలు నడుస్తున్నట్టు తేలింది. వారానికి 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందులో చాలా భాగం ఆఫీసుకు వెళ్లి రావడంలోనే అయిపోతుంది. జిమ్ము ఫీజు లేదు, ట్రెడ్‌మిల్ అక్కర్లేదు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు. వీళ్లందరికీ నేను నా తోటి డాక్టర్లతో కలిసి రాసే "అరగంట నడక"కు ఇంతకంటే సులువైన దారి నాకు తోచడం లేదు.

"మరి ఆంబులెన్స్ సంగతేమిటి?"

ఫ్లైఓవర్ల గురించి మాట్లాడినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఇది. గుండెపోటు వచ్చినప్పుడు ప్రతి నిమిషం విలువైనదే. కానీ మీ ఇల్లు వంతెన మధ్యలో ఎక్కడో కింద ఉంటే, ఆంబులెన్స్ ఎక్కే ర్యాంపు దాకా రావాలి కదా. అక్కడే బారు. పైన ఒక బండి చెడిపోతే పక్కకు తప్పుకునే వీలూ ఉండదు. అదే బస్సుల కోసం విడిగా ఒక లేను ఉంటే, ఆంబులెన్స్‌కూ ఫైరింజన్‌కూ అదే రాజమార్గం.

"ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయి, ఇక పొగ ఉండదు కదా?" అని ఇంకొందరంటారు. పొగ తగ్గుతుంది, మంచిదే. కానీ టైర్ల అరుగుదల నుంచి, బ్రేకుల నుంచి, రోడ్డు దుమ్ము నుంచి వచ్చే కణాలు ఉంటూనే ఉంటాయి. ఆ కారుకూ అంతే చోటు కావాలి. అందులో కూర్చున్నవాళ్లకూ నడక ఉండదు.

"కట్టింది కూలగొడతామా?" అంటే, కూలగొట్టినవాళ్లూ ఉన్నారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒక వాగు మీద కట్టిన ఎలివేటెడ్ రోడ్డును 2003లో తీసేయడం మొదలుపెట్టి, 2005కల్లా అక్కడ దాదాపు ఆరు కిలోమీటర్ల పొడవున మళ్లీ నీరు పారించారు. అదే సమయంలో బస్సుల వ్యవస్థను బాగుచేశారు. ఊరు స్తంభించిపోలేదు. ఆ చుట్టుపక్కల వేసవి వేడి తగ్గింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 2006 నుంచి నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రుసుము పెట్టారు. కార్లు తగ్గాయి. ఆస్తమాతో ఆస్పత్రికి వచ్చే చిన్నపిల్లలూ తగ్గారు. మన మోండా మార్కెట్ సందుల్లో ఇవన్నీ రేపే చేయమని నేననడం లేదు. వేరే దారి ఉందని, ఆ దారిలో వెళ్లినవాళ్లు నష్టపోలేదని చెబుతున్నాను.

నేను అడుగుతున్నది ఇది. ఇప్పటికే పనులు నడుస్తున్న చోట, కింద వెడల్పైన ఫుట్‌పాత్, బస్సు లేను, దాటడానికి సిగ్నళ్లు పూర్తికానిదే పైన రిబ్బన్ కత్తిరించకూడదు. మెట్రోకి చోటు వదలాలి. ఇంకా మొదలుకాని కొత్త ఫ్లైఓవర్లు ఆపి, ఆ డబ్బు ముందు బస్సులకు, ఎంఎంటీఎస్‌కు, నడిచే దారులకు ఇవ్వాలి.

మీరేం చేయవచ్చు?

"మనం చెబితే ఎవరు వింటారు?" అనుకోకండి. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతే, రోజూ అక్కడ నడిచేవాళ్లే చేతులు కలిపి నిలబడ్డారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల నరికివేతపై స్టే ఇచ్చింది. ఆ ప్రణాళిక కొన్నేళ్లకు మరో పేరుతో తిరిగొచ్చింది, వాళ్లూ మళ్లీ కదిలారు. ఇక్కడ మన పని ఇంకా సులువు. చెట్టును కాపాడమనే కాదు, రైలు నడపమని కూడా అడుగుతున్నాం.

ముందుగా మీ కాలనీ సంఘంలో ఒక ఆదివారం ఉదయం కేటాయించండి. మీ గేటు నుంచి దగ్గర్లోని బస్టాపు లేదా ఎంఎంటీఎస్ స్టేషన్ దాకా అందరూ కలిసి నడవండి. ఒక పెద్దాయననీ, ఒక చంటిపిల్ల బండినీ తీసుకెళ్లండి. ఎక్కడ దిగాల్సి వచ్చిందో, ఎక్కడ ఆగాల్సి వచ్చిందో ఫొటోలు తీసి జాబితా రాయండి. మీ ప్రాంతం కార్పొరేషన్ కింద ఉంటే అక్కడ, కంటోన్మెంట్ కింద ఉంటే బోర్డు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో ఒక మాట తప్పక రాయండి. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. మీరు దయ చూపమని అడగడం లేదు.

రెండోది, ఉదయం ఎనిమిది నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య మీ స్టేషన్‌లో ఎన్ని ఎంఎంటీఎస్‌లు ఆగుతున్నాయో రాసుకుని, ఎన్ని కావాలో రైల్వేకి, మీ ఎంపీకి రాయండి. వంద సంతకాలు పెట్టించండి. మీ కాలనీ నుంచి ఎంతమంది ఏ వైపు ఉద్యోగాలకు వెళ్తున్నారో లెక్క తీసి ఆర్టీసీ డిపో మేనేజర్‌కు ఇవ్వండి. రూటు వేయడానికి వాళ్లకు కావలసింది ఆ లెక్కే.

మూడోది, మీ దగ్గర కొత్త ఫ్లైఓవర్ వస్తుందంటే సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని చెట్లు పోతాయి? కింద ఫుట్‌పాత్ ఎంత వెడల్పు? గాలి, శబ్దం మీద ఏం ప్రభావం పడుతుందని అంచనా వేశారు? అదే డబ్బుతో బస్సులు నడిపితే ఎంతమంది వెళ్లవచ్చో చూశారా? ఓటు అడగడానికి వచ్చిన ప్రతివాళ్లనూ ఇవే అడగండి.

చివరిది మన కోసం. వారానికి ఒక్కరోజు కారు ఇంట్లో ఉంచి బస్సో, రైలో, మెట్రోనో ఎక్కండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. నేను బుధవారాలు మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు విసుగొచ్చింది, ఒకరోజు క్లినిక్‌కి నలభై నిమిషాలు ఆలస్యమయ్యాను, పేషెంట్లు కోప్పడ్డారు. కానీ బస్టాపులో నిలబడితేనే దానికి నీడ లేదన్న సంగతి తెలుస్తుంది. తెలిస్తేనే అడుగుతాం.

కార్ఖానా పెద్దాయన మళ్లీ మూడు నెలలకు వస్తారు. మోకాలు కాస్త నయమైంది. మందు డోసు పెంచాను, వేరే దారి లేక. చీటీ కింద ఎప్పటిలాగే అరగంట నడక అని రాస్తుంటే ఆయన నా పెన్ను వైపే చూస్తూ కూర్చున్నారు. ఎక్కడ నడవాలో నేనింకా చెప్పలేదు.